ప్రార్థన అయ్యాక ఆటో ఎవరు మాట్లాడతారు?

యాకోబు పత్రిక 2వ అధ్యాయం 15, 16 వచనాలు మనలో చాలామందికి కంఠతా వచ్చు. ఒంటిమీద బట్ట లేక, ఆ పూట తిండి లేక ఉన్న సహోదరుడికి కావలసింది ఇవ్వకుండా "సమాధానముగా వెళ్లుడి, చలి కాచుకొనుడి, తృప్తిపొందుడి" అని పంపేస్తే ఏమి ప్రయోజనం అని అడుగుతాడు యాకోబు. గమనించండి, ఇక్కడ ఎవరూ ఎవరినీ తిట్టలేదు, గుమ్మంలోంచి గెంటలేదు. అన్నవన్నీ దీవెనలే. అయినా యాకోబు ఒప్పుకోలేదు.

మా శ్రీకాకుళం జిల్లాలో, అందులోనూ ఉద్దానం వైపువాళ్లు ఈ వచనం చదివితే ముందు కళ్లముందుకొచ్చేది కిడ్నీ రోగులే. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మండలాల్లో ఈ జబ్బు తెలియని ఊరు లేదు, కారణం ఇదీ అని శాస్త్రవేత్తలు ఇప్పటికీ తేల్చలేకపోయారు. సోంపేట, కవిటి, పలాసల్లో డయాలసిస్ (మిషన్‌తో రక్తం శుభ్రం చేయించడం) సెంటర్లున్నాయి, 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి కూడా తెరిచారు, డయాలసిస్ చేయించుకునేవాళ్లకి నెలకి 10,000 రూపాయల పింఛను ఉంది. ఇక సంఘం చెయ్యడానికి ఏముంది, ప్రార్థనేగా అనుకుంటాం.

చాలా ఉందండీ. డయాలసిస్‌కి వారానికి రెండు మూడు సార్లు వెళ్లాలి, వెళ్లిన ప్రతిసారీ దాదాపు నాలుగు గంటలు మిషన్ పక్కన పడుకోవాలి. లేచేసరికి ఒక్కోసారి బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి కాబట్టి రోగి ఒక్కడే బస్సెక్కి రాలేడు, తోడు వెళ్లాలంటే భార్య ఆ రోజు జీడిపిక్కల పని మానుకోవాలి. డయాలసిస్‌కి డబ్బు తీసుకోరు సరే, పోయిన కూలి ఎవరిస్తారు? ఆదివారం కూడికలో "ఫలానా సహోదరుణ్ణి ప్రార్థనలో పెట్టండి" అని చెప్పించుకున్న ఇంట్లో అసలు టెన్షన్ అది. మంగళవారం పొద్దున్నే ఎవరు తీసుకెళ్తారు అన్నదే.

ఇంకో మాట, పరామర్శకి వెళ్లేటప్పుడు మనం తీసుకెళ్లేవి కూడా తెలుసుకుని తీసుకెళ్లాలి. అరటిపళ్లు, కొబ్బరిబొండాలు పట్టుకెళ్తాం. ఉద్దానంలో బొండం కొట్టి ఇవ్వడం మర్యాద. కానీ వాటిలో పొటాషియం ఎక్కువ, డయాలసిస్ మీద ఉన్న మనిషికి అది పెరిగితే గుండెకే ముప్పు. నీళ్లు కూడా డాక్టరు చెప్పిన కొలతలోనే తాగాలి. మే నెల ఎండలో వాకిట్లో కూర్చుని "గొంతు ఆరిపోతంది బాబూ, గుక్కెడు నీల్లు తాగాలన్నా బయ్యమే" అనే మనిషికి బలవంతంగా గ్లాసు అందించకూడదు. అలాగే చెయ్యి పట్టుకుని ప్రార్థన చేస్తాం కదా, ఫిస్టులా, అంటే డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఆపరేషన్ చేసి కలిపిన రక్తనాళం, ఉన్న చెయ్యి ఏదో ముందు అడగండి. మీద మెల్లిగా వేలు ఆనిస్తే లోపల జుయ్యిమని అదురుతుంటుంది, రక్తం అంత వేగంగా పారుతుంది అందులో. ఆ చెయ్యి నొక్కకూడదు, దానితో బరువు ఎత్తించకూడదు. రెండో చెయ్యి పట్టుకోండి. ప్రేమ ఉంటే చాలదా అంటారు కొందరు. ప్రేమ ఉన్నవాళ్లు ఈమాత్రం అడిగి తెలుసుకుంటారని నా అభిప్రాయం.

మార్కు 2వ అధ్యాయంలో పక్షవాయువు గలవాణ్ణి నలుగురు మోసుకొచ్చారు, జనం అడ్డమైతే ఇంటికప్పు విప్పి మంచాన్ని దింపారు. ఆ నలుగురు ఒక్క మాట అన్నట్టు కూడా అక్కడ రాసి లేదు. అయినా యేసు "వారి విశ్వాసము చూచి" మాట్లాడాడు. ఏం చూశాడు మరి? మోసిన భుజాలు, విప్పిన కప్పు. నాకు ఈ భాగం ఎన్నిసార్లు చదివినా ఒళ్లు జలదరిస్తుంది.

ఇది మన నేలకి కొత్తేమీ కాదు. ఇదే సోంపేటలో కెనడా బాప్టిస్టు మిషను తరఫున డాక్టర్ బెన్ గలిసన్ గారు చూపు పోయిన పేదవాళ్లకి ఆపరేషన్లు చేసేవారు. ఆయన కెనడాలోని కాల్గరీలో చెప్పిన మాటలు విని ఆర్ట్ జెంకిన్స్ అనే వ్యాపారి కదిలిపోయి డబ్బు పోగుచెయ్యడం మొదలుపెట్టారు. 1963లో అలా పుట్టినదే ఆపరేషన్ ఐసైట్ సంస్థ. అంత దూరాన కెనడాలో ఉన్న మనిషి అంత చేస్తే, పక్క వీధిలో ఉన్న మనం ఒక ఆటో మాట్లాడలేమా?

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. ఆ ఆటోలో ఎక్కించుకున్నవాళ్లు మన సంఘంవాళ్లే కానక్కర్లేదు, దారిలో వాళ్ల చేతిలో కరపత్రం పెట్టకండి. జబ్బుతో నీరసించి ఉన్న మనిషి, మన సాయం కావలసిన మనిషి, వద్దు అనలేడు. వద్దు అనలేని మనిషితో సువార్త మాట్లాడటం నాకు న్యాయంగా అనిపించదు. లూకా సువార్తలో యేసు చెప్పిన కథలో మంచి సమరయుడు, దొంగలు కొట్టి దారిలో పడేసిన మనిషి గాయాలకి నూనె, ద్రాక్షారసం పోసి కట్టాడు, తన వాహనం మీద ఎక్కించాడు, పూటకూళ్లవాడికి రెండు దేనారాలు ఇచ్చాడు, ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చేటప్పుడు తీరుస్తానన్నాడు. నువ్వు ఏ గుడికి వెళ్తావని అడిగినట్టు లూకా రాయలేదు.

ఈ ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరుగారినో పెద్దలనో అడిగి ఒక నోటుబుక్కు పెట్టండి. మన ఊళ్లో ఎవరెవరికి ఏ రోజు డయాలసిస్, ఎన్నింటికి బయల్దేరాలి, తోడు ఎవరు, ఆ రోజు పిల్లలకి అన్నం ఎవరింట్లో. బండి ఉన్నవాళ్లు వంతులేసుకోండి. ఎవరి వంతో వాళ్లే ఇంటి గుమ్మంలో నిలబడి ఓ చిన్న ప్రార్థన చెయ్యొచ్చు, వాళ్లు అడిగితే.