పియానోకి కొవ్వొత్తులు

"అమ్మా, పియానోకి చేతులెందుకు?" అంది మా చిన్నది. చూద్దును కదా, మ్యూజియంలోని విక్టోరియా కాలం పియానో ముందు రెండు ఇత్తడి స్టాండ్లు. కొవ్వొత్తులు పెట్టుకోడానికట. ఒకదాని కింద చెక్క మీద గోరంత మైనం మరక, ఇంకా అలాగే ఉంది.

ఆ రోజుల్లో టీవీ లేదు, రేడియో లేదు. చీకటి పడితే అక్క వాయించాలి, మిగతావాళ్లు చుట్టూ చేరి పాడాలి. తప్పించుకునే దారే లేదు పాపం!

మ్యూజియంలో పక్క గది ఆనాటి బడి. గోడ మీద మన సరిగమల్లాంటి డో రే మీల పట్టిక. ఇంగ్లండు సంగీత బోధకుడు జాన్ కర్వెన్ పద్ధతిలో ఒక్కో స్వరానికి ఒక్కో చేతి గుర్తు. 1880ల్లో ఇంగ్లండులో పిల్లలు స్వరాలు చూసి పాడితే బడికి తలకో షిల్లింగు గ్రాంటు, విని పాడితే అందులో సగమే. ఇన్‌స్పెక్టర్ వచ్చే రోజు ఆ టీచర్ టెన్షన్ ఊహించుకోండి.

నా మనసు మాత్రం ఆ మైనం దగ్గరే ఉండిపోయింది. పాట మధ్యలో పేజీ తిప్పబోయి ఎవరో చెయ్యి తగిలించి ఉంటారు. తిట్లు కూడా తినే ఉంటారు.