కాకుల గుంపుని మర్డర్ అనకపోతే మార్కు కొట్టేయాలా?

సింహాలైతే ప్రైడ్, కాకులైతే మర్డర్, గుడ్లగూబలైతే పార్లమెంట్. జంతువుల గుంపులకి ఇంగ్లీషులో ఉన్న ఈ పేర్లన్నీ మన పిల్లల చేత బట్టీ పట్టిస్తున్నారు. మా అన్నయ్య కూతురు పరీక్షలో కాకులకి ఫ్లాక్ అని రాస్తే మార్కు కొట్టేశారు. "అత్తా, అవి ఎవర్ని చంపాయని మర్డర్ అంటారు?" అని అది అడిగిన ప్రశ్నే నాకు అసలైన ప్రశ్న అనిపించింది.

ఎవర్నీ చంపలేదు. లండన్‌కి ఉత్తరాన సెయింట్ ఆల్బన్స్ అనే ఊళ్లో 1486లో ఒక పుస్తకం అచ్చయింది. డేగలతో వేట, జంతువుల వేట, వంశ చిహ్నాలు, ఇవీ అందులో విషయాలు. పెద్దింటి మగపిల్లలకి వేట మర్యాదలు, వేట మాటలు తెలిసుండాలని అప్పటి పట్టింపు. అందులోనే 160కి పైగా గుంపు పేర్లు ఉన్నాయి. కాకుల మర్డర్ ఆ కాలపు ఇలాంటి జాబితాల్లోది, సింహాల ప్రైడ్ ఈ పుస్తకంలోనే ఉంది. అయితే అదే జాబితాలో న్యాయమూర్తుల గుంపుకి సెంటెన్స్ అనీ, వీణలాంటి హార్ప్ వాయించేవాళ్ల గుంపుకి మెలొడీ అనీ కూడా ఉంది! అంటే చాలావరకు సరదాగా అల్లిన మాటలన్నమాట. గుడ్లగూబల పార్లమెంట్ అయితే ఆ జాబితాలోనే లేదు, చాలా తర్వాత వచ్చి చేరింది. పైగా గుడ్లగూబలు ఎక్కువగా ఒంటరిగానో జంటగానో ఉండే పక్షులు.

కాకుల్ని చూడాలంటే పుస్తకం అక్కర్లేదు. మా గుంటూరు బ్రాడీపేటలో ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర షాక్ కొట్టి ఒక కాకి కింద పడితే ఎక్కడెక్కడి కాకులో వచ్చి తీగల మీద, పిట్టగోడల మీద వాలి ఒకటే గోల, కిందకి మాత్రం ఒక్కటీ దిగదు, ఎవరైనా ఆ చచ్చిన కాకిని పక్కకి తీయబోతే నెత్తి మీదకి దూసుకొస్తాయి. పరిశోధకులు చూసిందేంటంటే, చచ్చిన కాకి చుట్టూ చేరినప్పుడు అవి ఆ చోట ఏం ప్రమాదం ఉందో, ఎవరితో జాగ్రత్తగా ఉండాలో నేర్చుకుంటాయి. పిల్లలకి చెప్పాల్సింది ఇది కదా?

అన్ని పేర్లూ పనికిరానివని నేననను. ప్రైడ్ తెలియాల్సిన మాటే. పులి, చిరుత ఒంటరిగా తిరుగుతాయి. సింహాలు అలా కాదు, అక్కచెల్లెళ్లు, తల్లీకూతుళ్లయిన ఆడసింహాలు పిల్లలతో కలిసి ఉంటాయి, వాటితో కొన్ని మగవి. ఆ కుటుంబానికి పేరు ఉండాల్సిందే. మర్మరేషన్ కూడా 1486 నాటిదే, స్టార్లింగ్ పక్షుల గుంపుకి పెట్టింది. మన గోరింకలు కూడా ఆ కుటుంబానివే. వేల స్టార్లింగులు సాయంత్రం ఆకాశంలో ఒక్కటిగా మలుపు తిరుగుతుంటే, ఢీకొట్టుకోకుండా ఎలా ఎగురుతున్నాయని రోమ్‌లో ఇటలీ శాస్త్రవేత్తలు ఫొటోలు తీసి లెక్కకట్టి 2008లో చెప్పారు: ఒక్కో పక్షి దగ్గర్లోని ఆరేడు పక్షుల్ని గమనించుకుంటే చాలట, గుంపంతా కదిలిపోతుంది. ఆ పరిశోధనలో పనిచేసిన జార్జియో పరీసీకి 2021లో ఫిజిక్స్ నోబెల్ వచ్చింది.

గుంటూరు పిల్లలకైతే ఉప్పలపాడు పక్షుల చెరువు పక్కనే ఉంది. చలికాలంలో ఒక ఆదివారం తీసుకెళ్లండి. చెరువు మధ్య తుమ్మచెట్ల మీద గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ల కొంగలు కొమ్మ కనపడకుండా కూర్చుంటాయి. గూడబాతు పిల్ల తల్లి నోట్లోకి తలంతా దూర్చి చేపలు తినడం చూసిన పిల్లకి, ఆ గుంపుని ఇంగ్లీషులో పాడ్ అంటారని చెప్తే మళ్లీ మర్చిపోదు. కోతలయ్యాక డెల్టా చేలల్లోకి తోలుకొచ్చే బాతుల మందల్ని కూడా చూపించండి, రాలిన గింజలూ నత్తలూ ఏరుకుంటూ మొత్తం మంద ఒకే వైపు ఎలా జరుగుతుందో చూడనివ్వండి.

టీచర్లకి నా మనవి ఒక్కటే. హెర్డ్, ఫ్లాక్, ప్యాక్, స్వార్మ్, షోల్, ప్రైడ్, లిట్టర్ లాంటి రోజూ వాడే మాటలు పరీక్షలో అడగండి, మిగతావి కథగా చెప్పండి. పక్షుల మీద పనిచేసేవాళ్లు కూడా కాకులకి ఫ్లాక్ అనే రాస్తారు. ఆ మార్కు మా మేనకోడలికి ఇవ్వాల్సిందే.