ఆముదం చేతులతో

పదకొండున్నర అయింది. సబ్బుతో రెండుసార్లు కడిగినా వేళ్ళకి ఆముదం వాసన పోలేదు. కీబోర్డు జిడ్డు పడుతోంది. పొద్దున్నే మా ఆయన చూసి ఏదో ఒకటి అంటారు. అననీ.

కొల్హాపురీ చెప్పులు తడిసిపోయాయి. విషయం అంతే.

బాల్కనీ కడిగేటప్పుడు పక్కన పెట్టమని నేను చెప్పలేదు, పనమ్మాయి పెట్టలేదు. నీళ్ళలో అరగంట నానినట్టున్నాయి. మా చిన్నోడి బూట్లు మాత్రం స్టాండు మీద భద్రంగా ఉన్నాయి. వాటిని వారం రోజులు బకెట్లో ముంచినా ఏమీ కాదు, అయినా వాటికే పై అర. మధ్యాహ్నం నేను చూసేసరికి కుడి చెప్పు ఉబ్బిపోయి, మడమ దగ్గర పొరలు విడిపోయి, నవ్వుతున్నట్టు నోరు తెరుచుకుని ఉంది. తోలు రంగు దిగి టైల్స్ మీద టీ ఒలికినట్టు మరక.

"ఆన్‌లైన్‌లో నాలుగొందలకే వస్తున్నాయిగా, ఇంకో జత తెప్పించుకో" అన్నారు ఈయన, టీవీ మీంచి కళ్ళు తిప్పకుండా. ఆ నాలుగొందలవి నేను వాడాను. పైన రెగ్జిన్, లోపల అట్ట. ఒక వానకి అట్ట అట్టే అయింది. చెప్పినా లాభం లేదని ఊరుకున్నాను.

సరిగ్గా అప్పుడే ఆడపడుచు ఫోను. వాళ్ళ అబ్బాయికి సీటొచ్చిందట. సంతోషం, నిజంగానే సంతోషం, వాడు మంచి పిల్లాడు. మా ఇంట్లో ఉండి రెండు నెలలు ఎంసెట్ కోచింగ్‌కి వెళ్ళాడు కదా (ఇప్పుడు ఎప్‌సెట్ అనాలట, నా నోరు తిరగదు). ఆవిడ గొంతు పూడుకుపోయి, "వదినా, నా చర్మం ఒలిచి చెప్పులు కుట్టించినా నీ ఋణం తీర్చుకోలేను" అంది.

నా చేతిలో నీళ్ళు కారుతున్న చెప్పు.

అంతకుముందు ఎన్నిసార్లు విన్నానో ఆ మాట. పెళ్ళిళ్ళలో, ఆసుపత్రి వరండాల్లో, అప్పు అడిగేవాళ్ళ దగ్గర. ఇవాళ మాత్రం ఒళ్ళు మండింది. రెండు నెలల పాటు పొద్దున ఐదింటికి టిఫిన్లు, పెరుగు ముట్టని పిల్లాడికి వేరే కూర, రాత్రి రెండింటిదాకా ఏసీ. అవన్నీ పోనీ, వాడు వెళ్ళేటప్పుడు పులిహోర పెట్టిచ్చిన నా నాలుగు గిన్నెల స్టీలు క్యారియర్ ఇంతవరకూ తిరిగి రాలేదు. మూడుసార్లు గుర్తు చేశాను. చర్మం దేనికి తల్లీ, క్యారియర్ పంపు చాలు. పైకి మాత్రం "అయ్యో, అంత మాటెందుకు" అన్నాను. నేనూ తక్కువదాన్నేం కాదు.

అసలు ఇవాళ ఆ క్యారియర్ గురించే రాద్దామని కూర్చున్నాను. ఇంకెక్కడికో పోతోంది.

తాతకి కిర్రు చెప్పులుండేవి. మలుపులో ఉండగానే కిర్రు, కిర్రు అని వినిపించేది. గవ్వలు గోనెపట్టా కిందికి తోసేసి పుస్తకాలు తెరిచేవాళ్ళం. చీకట్లో పొలానికి వెళ్తే ఆ చప్పుడుకి పాములు తప్పుకుంటాయని తాత నమ్మకం. వాటిని కుట్టే ఆయన ఏడాదికోసారి వచ్చి వేపచెట్టు కింద కూర్చునేవాడు. తోలు ముక్క పరిచి, దాని మీద తాత పాదం పెట్టించి చుట్టూ బొగ్గుతో గీసేవాడు. రంపెతో ఆ గీత వెంట కోస్తుంటే తోలు అంచు బెల్లం పాకంలా మెరిసేది. ఆరెతో పొడిచి, ఆ బెజ్జంలోంచి తోలు పోగు దూర్చి, పళ్ళతో పట్టుకుని లాగేవాడు. మేకు అనేది లేదు. డబ్బులిచ్చినట్టు కూడా నాకు గుర్తు లేదు. పంటకి ఇన్ని గింజలు, అంతే. ఆ గింజలకే బావిలోంచి నీళ్ళు తోడే మోటకి తోలు తొండం, బొక్కెన, ఎడ్ల పట్టెడలు, అన్నీ.

ఆయన వాడకి అవతల లందలు, అంటే తోళ్ళు నానబెట్టే తొట్లు, ఉండేవి. తంగేడు చెక్క దంచి పోసిన నీళ్ళలో తోళ్ళు నానేవి. అటు వెళ్ళాల్సొస్తే నాయనమ్మ మా ముక్కులకి తన కొంగు అడ్డం పెట్టేది. బతుకమ్మకి మేం పూలు కోసుకొచ్చేదీ ఆ తంగేడు నుంచే. ఇప్పుడది తెలంగాణ రాష్ట్ర పుష్పం. పువ్వు మాకు, చెక్క వాళ్ళకి.

ఒకసారి ఆ చెప్పులు కుట్టే ఆయన్ని అడిగాను, నీకు చెప్పుల్లేవా తాతా అని. "ఉన్నయి బిడ్డా, ఇంటికాడ" అని నవ్వాడు. పండక్కి దాచుకున్నాడేమో అనుకున్నాను, నా కొత్త గౌనులాగా. హాస్టల్లో ఒక స్నేహితురాలు, వాళ్ళ నాన్న పెద్దవాళ్ళ వీధి రాగానే చెప్పులు చేత్తో పట్టుకుని నడిచేవాడని చెప్పినప్పుడు గానీ నాకు వెలగలేదు. ఆ వీధి మాది కాదు, మాలాంటిదే. ఆ రోజు ఆమెకి నేనేమీ చెప్పలేదు. పరీక్షలున్నాయని పుస్తకం తీశాను.

ఆడపడుచు మాట బూటకం అని రాయబోయాను. ఇప్పుడు అలా అనిపించడం లేదు. ఆవిడ నిజంగానే ఏడ్చింది. తిరకాసు ఆ మాటలోనే ఉంది. కుట్టి ఇచ్చినా అనం, "కుట్టించినా" అంటాం. చర్మం మనమే ఇస్తాం, అంత త్యాగం చేస్తాం, కానీ ఆరె మాత్రం పట్టుకోం. దానికి మళ్ళీ వేపచెట్టు కింద ఇంకొకాయన ఉండాలి.

మొన్న కొల్హాపూర్ అమ్మవారి దర్శనానికి వెళ్ళేటప్పుడు జహీరాబాద్, హుమ్నాబాద్ దాటాక బసవకళ్యాణ్ బోర్డు కనబడింది. 12వ శతాబ్దంలో శివభక్తుడు బసవన్న (బసవేశ్వరుడు) ఉన్న కళ్యాణ పట్టణం అదే. అక్కడ హరళయ్య అనే చెప్పులు కుట్టే శరణుడు (బసవన్న బాటలో నడిచే భక్తుడు) "శరణు" అని దండం పెడితే బసవన్న "శరణు శరణార్థి" అని బదులిచ్చాడట. తనలాంటివాడికి రెండు దండాలా అని ఆ బరువు మోయలేక, భార్య కళ్యాణమ్మా తనూ తమ తొడల చర్మం తీసి చెప్పులు కుట్టి తెచ్చారు. బసవన్న వాటిని కాళ్ళకి తొడుక్కోలేదు, నెత్తిన పెట్టుకున్నాడు. ఆ కథలో చర్మం ఇచ్చినవాడే కుట్టాడు. కారులో ఈ కథ చెబితే మా చిన్నోడు ఒక చెవిలోని ఇయర్‌ఫోన్ తీసి విని, మళ్ళీ పెట్టుకున్నాడు.

కొల్హాపూర్‌లో నా ఘనకార్యం కూడా రాయాలి. చప్పల్ లైన్ అని గుడికి దగ్గర్లోనే ఒక బజారు, వరసగా చెప్పుల కొట్లే. మేం కొన్న కొట్టు వెనక చిన్న గదిలో ఒకాయన తడిపిన గేదె తోలుని చెక్క దిమ్మ మీద పెట్టి కొడుతున్నాడు. గోడ పక్కన ఒకావిడ సన్నటి తోలు పోగుల కొస కాలి బొటనవేలికి చుట్టుకుని జడ అల్లుతోంది, పాపకి అల్లినట్టే, చూడకుండా. తుమ్మ చెక్క, కరక్కాయ పెట్టి ఊనిన తోలు, ఆ వాసనకి నాకు మా ఊరి లందలే గుర్తొచ్చాయి. 2019లో జీఐ గుర్తింపు (ఈ సరుకు ఈ ప్రాంతానిదే అనే ముద్ర) వచ్చిందనీ, మహారాష్ట్రలో నాలుగు జిల్లాలూ కర్ణాటకలో నాలుగు జిల్లాలూ తప్ప ఇంకెవరూ ఆ పేరు పెట్టుకోకూడదనీ కొట్టతను చెప్పాడు.

2025 జూన్‌లో ఇటలీ ఫ్యాషన్ కంపెనీ ప్రాడా వాళ్ళు ఇలాంటివే మిలన్ ఫ్యాషన్ షోలో నడిపించి కొల్హాపూర్ ఊసెత్తనప్పుడు ఫ్యామిలీ గ్రూపులో అందరికంటే ఎక్కువ మండిపడ్డది నేనే. తర్వాత వాళ్ళు ఒప్పుకున్నారనుకోండి. ఆ నేనే కొట్లో నిలబడి పద్దెనిమిది వందల జతని పద్నాలుగు వందలకి బేరమాడాను. జడ అల్లేఆవిడ ఒకసారి తలెత్తి చూసింది. బయటికొచ్చాక గెలిచినంత సంబరం. వారం రోజులు బొటనవేలు కొరుక్కుతిన్నాయి, అది వేరే సంగతి.

సాయంత్రం ఆ తడి చెప్పులు కవర్లో వేసుకుని మూల మీద గొడుగు కింద కూర్చునే ఆయన దగ్గరికి వెళ్ళాను. రెండు మేకులు కొట్టివ్వమన్నాను. ఆయన వంచి చూసి, "దీంట్ల మేకు లేదు మేడం, కొడితే తోలు చీలుతది" అని, మైనం పట్టించిన దారంతో మడమ చుట్టూ కుట్టాడు. ఎండలో పెట్టొద్దు, పేపర్లు మార్చండి, కొంచెం ఆరినంక ఆముదం రాయండి, బరువు పెట్టండి అన్నాడు. నూట ఇరవై అడిగాడు. నా నోట్లోంచి "వంద తీసుకో" అని వచ్చేసింది.

ఇదీ ఇవాళ నన్ను నిద్రపోనివ్వనిది, క్యారియర్ కాదు. ఇరవై రూపాయలు కూడా కాదు, ఇచ్చేశాననుకోండి. తీసుకో అన్నాను. నాకంటే పదేళ్ళు పెద్దవాడు, నన్ను మేడం, చూడండి, రాయండి అంటున్నాడు. కూరగాయల బండి దగ్గర నేను ఎవరితోనైనా తీసుకోండి అంటానా? ఆలోచిస్తే గుర్తుకి రావడం లేదు. బ్యాంకులో మా చిన్నోడి వయసు కుర్రాడిని మాత్రం మీరు అంటాను.

అమ్మకి ఫోన్ చేశాను, పడుకునే ముందు. తాత చెప్పులు కుట్టే ఆయన పేరేంటని. తాత పాదం ఎంత పెద్దదో చెప్పింది, ఒక జత కుక్క ఎత్తుకుపోయిన సంగతి చెప్పింది, తొండం చినిగిన ఏడాది నారు ఎండిన సంగతి చెప్పింది. పేరు దగ్గర ఆగిపోయింది. "మీ తాత ఏరా అని పిలిచేటోడు" అంది. రేపు చిన్నాన్నని అడుగుతానంది.

చెప్పులు పేపర్ల మధ్య, రుబ్బురోలు పొత్రం కింద ఉన్నాయి. రేపు ఇడ్లీ పిండి మిక్సీలోనే.