చింత మొక్కలతో బోన్సాయ్ వనం

చెట్లను పొట్టిగా ఉంచుతూ ట్రేలలో పెంచే కళ బోన్సాయ్. అందులో ఒకే ట్రేలో అనేక చెట్లను కలిపి చిన్న అడవిలా నాటే పద్ధతిని జపనీయులు యోసే ఊయె అంటారు. ఒంటిగా నిలబెడితే ఎవరూ రెండోసారి చూడని బక్కపలుచని మొక్కకూ, ఒక పక్కనే కొమ్మలున్న మొక్కకూ ఇందులో చోటు దొరుకుతుంది. ఈ పద్ధతి మీద నాకు ఇంత ఇష్టం కలగడానికి కారణం అదే. దట్టమైన అడవిలో చెట్టు వెలుగు వచ్చే వైపుకే కొమ్మలు చాపుతుంది కనుక, ఒంటి చెట్టులో లోపంగా తోచేది వనంలో సహజంగా ఇమిడిపోతుంది.

జపాన్‌లో ఇందుకు మేపుల్, బీచ్, స్ప్రూస్ వంటి చెట్లను వాడతారు. హైదరాబాద్ ఎండలకు నేను ఎంచుకున్నది చింత. అది గింజ నుంచి సులువుగా మొలుస్తుంది, వేడికి ఓర్చుకుంటుంది. పైగా ఆకు సన్నని రెబ్బలుగా చీలి ఉంటుంది కాబట్టి అడుగున్నర ఎత్తు మొక్క కూడా దూరాన నిలిచిన మహావృక్షంలా కనిపిస్తుంది. వనానికి ఒకే జాతి మొక్కలు కావాలి గాని ఒకే లావు మొక్కలు పనికిరావు. అందుకని ఒకేసారి మొలిచిన వాటిలో కొన్నింటిని నేలలోనూ, మిగిలిన వాటిని చిన్న కుండీల్లోనూ పెంచాను. నేలలో పెరిగినవి త్వరగా మాను కట్టాయి, కుండీల్లోనివి సన్నగానే ఉండిపోయాయి.

నాటేముందు ఆలోచించవలసింది చెట్ల గురించి కాదు, వాటి మధ్య ఖాళీల గురించి అని నా నమ్మకం. కోస్తా ఇసుక నేలల్లో వరుసలు తీర్చి వేసిన సరుగుడు తోటలను చూసినవారికి ఈ మాట వెంటనే అర్థమవుతుంది. అక్కడ ఎన్ని చెట్లున్నా అది తోటే గాని అడవి కాదు, ఎందుకంటే ఏ రెండు చెట్ల మధ్యా దూరం మారదు. నా ట్రేలో తొమ్మిది మొక్కలు రెండు గుంపులుగా ఉన్నాయి. అన్నిటికంటే పొడవూ లావూ అయిన తల్లి చెట్టు ట్రే పొడవులో సుమారు మూడో వంతు దగ్గర, మధ్యకు కాస్త ముందుగా నిలిచింది. దాన్ని ఆనుకొని పెద్ద గుంపు, ఆవలి వైపు చిన్న గుంపు, రెండింటి మధ్య లోపలికి చూపు సాగే బాట ఉన్నాయి. సన్నని మొక్కలను వెనక్కి జరిపితే ట్రే ఉన్నదానికంటే లోతుగా అనిపిస్తుంది. ఎదురుగా చూస్తే ఒక మాను మరొక మానును కప్పకూడదు. పక్కనుంచి చూసినా, పైనుంచి చూసినా ఏ మూడూ ఒకే గీత మీదికి రాకూడదు. పదిలోపు చెట్లయితే బేసి సంఖ్య మేలు, అంతకు మించితే కన్ను లెక్కపెట్టడం మానేస్తుంది. చింతాకు సాయంత్రానికి ముడుచుకుంటుంది కాబట్టి, మొక్కలను తుదిగా బిగించే ముందు ఆ వేళ ఒకసారి చూడడం మంచిది. పగలు ఆకు దాచిన ఎడాలన్నీ అప్పుడు స్పష్టంగా బయటపడతాయి.

అమెరికాలోని బోన్సాయ్ కళాకారుడు జాన్ నాకా చేసిన 'గోషిన్' అనే జూనిపర్ చెట్ల వనం గురించి ఇక్కడ చెప్పకుండా ఉండలేను. 1948లో తీర్చిదిద్దడం మొదలుపెట్టిన చెట్లతో 1964లో ఆయన దానికి వనరూపం ఇచ్చారు. మనవళ్లు, మనవరాళ్ల సంఖ్య పెరిగే కొద్దీ చెట్ల సంఖ్యనూ పెంచుతూ చివరకు పదకొండుకు చేర్చారు. 1984లో ఆయన విరాళంగా ఇచ్చిన ఆ వనం ఇప్పుడు వాషింగ్టన్‌లోని జాతీయ వృక్షోద్యానంలో ఉంది. అన్నేళ్లపాటు కొత్త చెట్లకు చోటు కల్పిస్తూ పోయిన ఓపికను తలచుకున్నప్పుడల్లా నాకు గౌరవం పెరుగుతుంది.

ఇక చేతిపనిలో అసలు కష్టమంతా వేళ్లతోనే. రెండంగుళాల లోతైనా లేని ట్రేలో నిలవాలంటే చింత తల్లివేరును ముందు ఏడాదే కత్తిరించి, పక్కవేళ్లు పరుచుకునేలా చేయాలి. రెండు మానులు అంగుళం ఎడంలో నిలవవలసిన చోట వేళ్ల ముద్దలు ఒకదాన్నొకటి తోసేస్తాయి. అప్పుడు ఒకదాన్ని పక్కనుంచి నిలువుగా చెక్కి, ఆ చదునైన వైపును రెండోదానికి ఆనించాలి. ట్రే అడుగు రంధ్రాల గుండా తీసిన తీగను వెదురు పుల్లల చట్రానికి బిగించి, మొక్కలను ఆ చట్రానికి కట్టేస్తే గాలికి కదలవు. తర్వాత జల్లెడ పట్టిన ఇటుక ముక్కలు, ముతక ఇసుక, ఆకు ఎరువు కలిపిన మట్టిని పోస్తూ, వేళ్ల సందుల్లోకి సన్నని పుల్లతో దించాలి. పుల్ల ఇక దిగనని మొరాయించే దాకా ఈ పని ఆపకూడదు. మట్టి తల్లి చెట్టు మొదట్లో కొంచెం ఎత్తుగా, అంచులకు వాలుగా ఉండాలి.

నేను ఈ పనికి తొలకరిని ఎంచుకున్నాను. నాటాక రెండు మూడు వారాలు నీడలో ఉంచాలి, కొత్త చిగురు గట్టిపడే దాకా ఎరువు వేయకూడదు. వేసవిలో ఇంత పలుచని మట్టి అంచుల దగ్గర ముందుగా ఎండిపోతుంది కాబట్టి రెండు పూటలా నీరు తప్పదు. లోపలి కొమ్మలను తీసేసి, బయటి కొమ్మలను ఉంచుతూ, తొమ్మిదింటి తలలూ కలిసి ఎగుడుదిగుడుగా ఒకే గొడుగు కట్టేలా కత్తిరిస్తూ ఉండాలి. పొడవైనవి త్వరగా ఎగబాకి వెనుకనున్న చిన్నవాటికి ఎండ అందకుండా చేస్తాయి, అందుకే వాటి చిగుళ్లను తరచుగా తుంచాలి. మళ్లీ మట్టి మార్చే నాటికి వేళ్లన్నీ అల్లుకొని ఒకే చాపగా మారి ఉంటాయి; ఇక చెట్లను విడదీయకుండా, ఆ చాపను అలాగే ఎత్తి, అంచుల్లోని వేళ్లను కత్తిరించి, అడుగును పలుచన చేసి తిరిగి ట్రేలో దించాలి.