వీ-క్రాస్‌కు రెండంగుళాల ఎత్తు

మదనపల్లె దగ్గర మా తోటకు వెళ్లే దారిలో ట్రాక్టర్ల చక్రాల జాడల మధ్య పెరిగిన దిబ్బ, నా కొత్త పికప్ బండి ఇసుజు వీ-క్రాస్ అడుగుభాగాన్ని మొదటి నెలలోనే రెండుసార్లు గీకింది. తిరుపతి జిల్లా శ్రీసిటీలో తయారైన బండి మన మట్టిదారికే ఇలా తల వంచడం నాకు నచ్చక, బెంగళూరులో బండి ఎత్తు పెంచే సామగ్రి, అంటే లిఫ్ట్ కిట్ వేయించాలని నిశ్చయించుకున్నాను.

జె.సి. రోడ్డులో మొదట అడిగిన దుకాణంలో, ముందు చక్రాల స్ట్రట్ల (స్ప్రింగు, షాకు కలిసిన కాళ్ల) పైన ఇనుప దిమ్మలు పెడితే సాయంత్రానికల్లా బండి ఇస్తామన్నారు. ధర చౌకే. కానీ దిమ్మ బండిని పైకి లేపుతుందే తప్ప స్ప్రింగును మార్చదు. అందుకే ముందు పొడవైన కాయిల్ స్ప్రింగులూ కుదుపును అణిచే కొత్త షాకులూ, వెనుక కొత్త కమాన్ కట్టలూ (పట్టీల స్ప్రింగులూ) ఉన్న పూర్తి కిట్‌నే తీసుకున్నాను.

నా పొరపాటు ఇక్కడే మొదలైంది. ఖాళీ బండికి సరిపడే కమాన్లు వేయించిన తరువాత వెనుక తొట్టిపై మూతగా క్యానోపీ, దానిలో ఇనుప డ్రాయర్లు, పనిముట్ల పెట్టె, నీళ్ల ట్యాంకు ఒక్కొక్కటిగా చేర్చాను. చక్రం నడిబొడ్డు నుంచి ఫెండర్ అంచు వరకు టేపు పెట్టి కొలిస్తే, వెనుక పెరిగిన 50 మిల్లీమీటర్లలో 35 పోయాయి. తోక దిగి ముక్కు లేవడంతో హెడ్‌లైట్ల వెలుగు ఎదుటివారి కళ్లలోకి కొట్టి, చింతామణి దారిలో ప్రతి లారీ డ్రైవరూ నాకు డిప్పర్ కొట్టి బుద్ధి చెప్పాడు.

కిట్ బిగించిన చోటికే మళ్లీ వెళ్లినప్పుడు అక్కడి మేస్త్రీ, కోలారు తెలుగులో, ఒకే ప్రశ్న వేశాడు: “ఈ డబ్బా ఎప్పుడూ ఉంటాదా సార్, అప్పుడప్పుడా?” ఎప్పుడూ ఉంటుందన్నాను. “కాలి కొలత చెప్పకుండా చెప్పులు కుట్టమన్నట్టుంది” అని నవ్వి, నిత్యం మోసే బరువుకు తగిన గట్టి కమాన్లు తెప్పించాడు. అనుబంధాలన్నీ ముందే తేల్చుకుని, వాటి బరువు లెక్క కట్టి ఆ తరువాత స్ప్రింగు ఎంచుకొని ఉంటే నాకు రెండోసారి కూలీ తప్పేది.

అతని పనిలో ఒక విషయం ప్రత్యేకంగా గమనించాను. కమాన్ రెండు చివర్ల బోల్టులను బండి జాకీ మీద ఉన్నంతసేపూ చేతిబిగువుతోనే వదిలి, చక్రాలు నేలను తాకి బరువంతా పడ్డాకే బిగువు కొలిచే టార్క్ రెంచితో బిగించాడు. గాలిలో వేలాడుతుండగా బిగిస్తే బోల్టు చుట్టూ ఉండే రబ్బరు బుష్ మెలి తిరిగిన స్థితిలోనే చిక్కి త్వరగా చిరిగిపోతుందట. తరువాత వీల్ అలైన్‌మెంట్ చేసి, హెడ్‌లైట్ల వెలుగును కిందికి దించాడు. 500 కిలోమీటర్లు తిరిగాక కమాన్లను ఇరుసుకు పట్టి ఉంచే యు-బోల్టులు మళ్లీ బిగించుకోవాలని మరీ మరీ చెప్పాడు.

ఎత్తు పెరిగింది కదా అని వెనుక ఇరుసు పైకి లేవలేదు. దాని కింద ఖాళీ కావాలంటే టైరే పెద్దదవ్వాలి. నేను కంపెనీ టైర్లనే ఉంచాను, కాబట్టి దిబ్బ మీద ఇరుసు మధ్యలో ఉబ్బిన గుండును ఇప్పటికీ చూసుకునే నడుపుతున్నాను.

బండి ముందు ఇనుప బంపరు మాత్రం వద్దనుకున్నాను. పాదచారులకు ప్రమాదమని, ఎయిర్‌బ్యాగ్ పనికి అడ్డు రావచ్చని కేంద్రం 2017 డిసెంబరులోనే అటువంటి గార్డులపై చర్య తీసుకోమని రాష్ట్రాలకు రాసింది. నిజానికి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ తయారీదారు నిర్ణయించిన మూల లక్షణాలను మార్చవద్దంటుంది. అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు కూడా పడవచ్చు. నేను పెంచిన ఎత్తు కూడా ఈ ప్రశ్నకు అతీతం కాదు. ఆ సంగతి కిట్ బిగించాక కాక, కిట్ కొనేముందు చదవవలసింది. కంపెనీ స్ప్రింగులూ కమాన్లూ గోనెసంచిలో చుట్టి బాల్కనీలో పెట్టాను, అవసరమైతే తిరిగి బిగించడానికి.