గింజలు జారిపోయిన చేతులు

భాగవతం దశమ స్కంధం 11వ అధ్యాయంలో రెండు శ్లోకాల్లో అయిపోయే కథ ఒకటి ఉంది. వీధిలో పళ్ళమ్మి కేక వినగానే చిన్ని కృష్ణుడు ధాన్యం దోసిట పట్టుకుని పరుగెత్తుతాడు. పసివాడి దోసిలి ఎంతని ఆగుతుంది? ఆమె దగ్గరికి చేరేసరికి గింజలన్నీ దారిలోనే జారిపోయాయి.

ఫలవిక్రయిణీ తస్య చ్యుతధాన్య కరద్వయమ్ |
ఫలైరపూరయద్ రత్నైః ఫలభాండమపూరి చ ||

గింజలు జారిపోయిన ఆ రెండు చేతులనీ ఆమె పళ్ళతో నింపింది. ఆమె బుట్ట రత్నాలతో నిండింది.

ఈ కథ చెప్పుకునేటప్పుడు అందరం రత్నాల దగ్గరికి వెళ్ళిపోతాం. నా మనసు మాత్రం మూడేళ్ళుగా 'చ్యుతధాన్య కరద్వయమ్' అన్న మాట దగ్గరే ఆగిపోతోంది. ఎందుకో చెబుతాను.

బెంగళూరులో వర్తూరు వైపు మేముండే వీధి చివర కొత్త అపార్టుమెంట్లు కడుతున్నారు. ఆ పక్కనే కూలీల రేకుల షెడ్లు. కదిరి వాళ్ళు, మక్తల్ వాళ్ళు, రాయచూరు వాళ్ళు ఉంటారు. తల్లులు కూడా పనిలోకి వెళ్తారు కాబట్టి పిల్లల్ని కాస్త పెద్ద పిల్లలే చూసుకుంటారు. శనివారాలు మేం నలుగురం వెళ్ళి, మూడు నుంచి ఆరేళ్ళ వాళ్ళతో రెండు గంటలు కూర్చుంటాం. పాటలు, కథలు, రంగులు, నాలుగు అక్షరాలు. దగ్గర్లోని సర్కారు బడి కన్నడ మీడియం, అందుకని కన్నడ అక్షరాలే. మన అక్షరాలకి అవి అక్కచెల్లెళ్ళే, నేనూ వాళ్ళతో పాటే నేర్చుకున్నాను.

పండక్కి ఊరెళ్ళిన పిల్లలు నెలా రెండు నెలలకి తిరిగొస్తారు. కొందరు అసలు రారు. వచ్చినవాళ్ళకి పలక ఇస్తే 'అ' దగ్గరే చెయ్యి ఆగిపోతుంది. ఆర్నెల్లు నేర్పిందంతా ఎక్కడ పోయిందని మొదట్లో నాకు చాలా బాధగా ఉండేది. ఒక శనివారం ఒక పాపని, "ఇది మొన్న రాశావు కదమ్మా" అని కాస్త గట్టిగానే అడిగాను. ఆ పిల్ల బలపాన్ని గుప్పిట్లో దాచేసి తల దించుకుంది. ఆ గుప్పిట నేను మర్చిపోలేను. ఆ రాత్రి ఈ శ్లోకం చదువుతుంటే అర్థమైంది: పళ్ళమ్మి "తెచ్చిన గింజలేవి నాయనా" అని అడగలేదు. దారిలో ఏం పోయిందో లెక్క తీయలేదు. చేతులు చూసింది, నింపింది. బుట్ట నిండుతుందని ఆమెకి ముందు తెలియదు కూడా.

అదే అధ్యాయంలో మరో సంగతి ఉంది. మద్ది చెట్లు కూలాక, ఇక్కడ పిల్లలకి వరసగా ఆపదలు వస్తున్నాయి, ఊరు మారదామని ఉపనందుడనే పెద్దాయన చెబుతాడు. ముసలివాళ్ళనీ పిల్లలనీ ఆడవాళ్ళనీ సామానునీ బళ్ళ మీదికి ఎక్కించుకుని గోకులమంతా బృందావనానికి కదులుతుంది. అక్కడ బళ్ళని అర్ధచంద్రాకారంలో నిలిపి కాపురం పెట్టారట. అంటే మన కృష్ణుడు కూడా సామాన్ల మధ్య కూర్చుని ఊరు మారిన పిల్లవాడే. షెడ్ల ముందు ట్రాక్టర్ ఆగి, గిన్నెలూ చాపలూ దిగుతుంటే, వాటి మధ్య నుంచి ఒక బుల్లి తల పైకి లేస్తుంది. ఆ బళ్ళ శ్లోకం నాకు అప్పుడు కళ్ళకి కనబడుతుంది.

యాభై మందికి పైగా ఆడవాళ్ళు పనిచేసే చోట ఆరేళ్ళలోపు పిల్లల కోసం తగిన గది ఉండాలని 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టంలో రాశారు. మేం వెళ్ళే చోట అలాంటి గది లేదు, ఒక వేపచెట్టు ఉంది.

కిందటేడు భోగినాడు ఆ చెట్టు కిందే పిల్లలకి భోగిపళ్ళు పోశాం. కె.ఆర్. మార్కెట్ నుంచి రేగుపళ్ళు, బంతిపూలు, చెరుకు తెచ్చాను. శనగలు నానబెట్టాను, చిల్లర కలిపాను. "మా తట్టు ఇట్లా పోసేది లేదక్కా" అన్నారు కదిరి వాళ్ళు. రాయచూరు ఆవిడ మాత్రం తమ కన్నడ వాళ్ళు సంక్రాంతికి యల్చి హణ్ణు, అంటే రేగుపళ్ళే, పోస్తారని చెప్పి, తనే ముందు వచ్చి దోసిలి పట్టింది. రేగుపండుకి అర్కఫలం అని పేరు. సూర్యుడు ఉత్తరానికి తిరిగే వేళ ఆయన పండుని పసితల మీద పోస్తే దిష్టి పోతుందనీ, ఆయుష్షు పెరుగుతుందనీ పెద్దల నమ్మకం. మూడుసార్లు తల చుట్టూ తిప్పి పోశాం.

పోయగానే పిల్లలందరూ ఒక్కసారిగా కిందపడి ఏరుకోవడం మొదలుపెట్టారు. ఏరుకున్నవి ఏరుకున్నట్టే నోట్లో పెట్టుకుంటున్నారు. ఒక అవ్వ గబగబా వచ్చి, "దిష్టి తీసిన పండ్లు తినగూడదు నాయనా" అని ఒక పిల్లవాడి నోట్లోంచి పండు తీసేసింది. వాడు ఏడుపు. అవ్వ తప్పు ఏమీ లేదు, మా అమ్మయినా అదే చేసేది. వాళ్ళకి పండు తినాలని ఉంటుందన్న ఆలోచన నాకు రాకపోవడమే పొరపాటు. తలమీద పోయడానికి తెచ్చాను కానీ తినడానికి వేరే తేలేదు.

అందుకే ఈ ఏడు తినే పళ్ళు విడిగా ఒక గంపలో పెట్టాను, పోసేవాటికంటే అవే ఎక్కువ. మూడేళ్ళలోపు వాళ్ళకి గింజ గానీ రూపాయి గానీ గొంతుకి అడ్డం పడితే ప్రమాదం. వాళ్ళ తల మీద పూలరేకలూ బొరుగులూ మాత్రమే పోశాం. మీ దగ్గర ఎవరైనా చేస్తే ఈ జాగ్రత్త తప్పకుండా తీసుకోండి.

బలపం దాచుకున్న ఆ పాప ఈసారి లేదు. వాళ్ళ బిల్డింగు పని అయిపోయింది, ఎటు వెళ్ళారో ఎవరూ చెప్పలేకపోయారు. హారతి అయ్యాక గంప ముందు వరస కట్టారు. కొత్తగా వచ్చిన ఒక పిల్లవాడు, నాలుగేళ్ళుంటాయేమో, రెండు చేతులూ చాపాడు. పోశాను. వేళ్ళ సందుల్లోంచి సగం పళ్ళు కింద పడ్డాయి. వాడు కిందికీ చూడలేదు, నా వైపూ చూడలేదు. ఖాళీ అయిన చేతుల్ని అలాగే పట్టుకుని నిలబడ్డాడు. మళ్ళీ పోశాను.