బోర్డు మార్చకుండానే గేమింగ్ పీసీ: నా అనుభవం

మొత్తానికి నా పాత పీసీకి కొత్త ప్రాసెసర్ ఎక్కింది. రైజెన్ 3 3200జీ ప్రాసెసర్ తీసేసి, అదే బీ450 మదర్‌బోర్డు మీద రైజెన్ 5 5600 ప్రాసెసర్, ఆర్‌ఎక్స్ 6600 గ్రాఫిక్స్ కార్డు పెట్టాను. బడ్జెట్ 40 వేలు. కొత్త బోర్డు, డీడీఆర్5 ర్యామ్ అంటూ పోతే గ్రాఫిక్స్ కార్డుకి ఏమీ మిగలదు.

ప్రాసెసర్ దగ్గర పెద్దగా ఆలోచించాల్సింది లేదు. విడిగా కార్డు పెట్టేవాళ్ళకి, లోపలే గ్రాఫిక్స్ ఉన్న 5600జీ దండగ. దాని ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలి వేగమైన మెమరీ) 16 ఎంబీ, 5600కి 32. కార్డుల్లో 6500 ఎక్స్‌టీ చవగ్గా కనిపిస్తుంది గానీ, దానికి నాలుగే పీసీఐఈ లేన్లు (కార్డుకీ బోర్డుకీ మధ్య డేటా దారులు), 4 జీబీ మెమరీ. బీ450లో పీసీఐఈ పాత మూడో తరానిది కాబట్టి ఆ నాలుగు లేన్లు ఇంకా ఇరుకైపోతాయి. 6600కి ఎనిమిది లేన్లు, 8 జీబీ. కరెంటు 132 వాట్లే.

ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై) కొనేటప్పుడు అట్టపెట్టె మీది అంకె నమ్మకండి. స్టిక్కర్ మీద 12 వోల్టుల లైనుకి ఎన్ని ఆంపియర్లున్నాయో చూసి 12తో గుణించండి. 18 ఆంపియర్లుంటే, పైన 500 అని రాసినా అది 216 వాట్ల సరుకే. రంగుల ఫ్యాన్లు బిగించి, పాత జీటీ 730 కార్డు పెట్టి 'గేమింగ్ పీసీ' అని అంటగట్టే కొట్లలో మొదటి కోత ఎస్‌ఎంపీఎస్ మీదే పడుతుంది.

అసలు బాధ బయోస్‌తో, అంటే బోర్డులో ఉండి పీసీని మొదలుపెట్టే సాఫ్ట్‌వేర్‌తో. కొన్నచోటే బిగించమన్నాను. ఫ్యాన్లు తిరిగాయి, డిస్‌ప్లే రాలేదు. "ఈ బోర్డుకి ఇది రాదన్నా, బోర్డు మార్చాల్సిందే" అని తేల్చేశాడు కొట్టువాడు. బోర్డు కంపెనీ సపోర్ట్ లిస్టులో 5600 పేరు, ఏ బయోస్ వెర్షన్ నుంచి పనిచేస్తుందో ఫోన్‌లో చూపించాను. "ఆన్‌లైన్‌లో ఏవేవో చదివొస్తారు" అని పక్కవాళ్ళకి వినబడేలా నవ్వాడు. 5600 వచ్చింది 2022 ఏప్రిల్‌లో. 2019 నాటి బయోస్‌కి దాని సంగతి ఎలా తెలుస్తుంది? ఇంత చిన్న విషయం తెలియకనో, తెలిసి బోర్డు అమ్ముకుందామనో!

ఇంటికొచ్చి మళ్ళీ 3200జీనే పెట్టాను. పాత ప్రాసెసర్ ఉండగానే బయోస్ అప్‌డేట్ చేయాలి. బోర్డు మోడల్‌తో పాటు దాని మీద అచ్చువేసిన రివిజన్ నంబరు కూడా సరిచూడండి, రివిజన్ మారితే ఫైలూ మారొచ్చు. కొన్ని బోర్డులకి మధ్యలో ఒక వెర్షన్ వేశాకే చివరిది వేయాలి. డౌన్‌లోడ్ పేజీలో ఆ గమనిక చదవకుండా ముందుకెళ్ళకండి. పెన్‌డ్రైవ్‌ని ఫ్యాట్32లో ఫార్మాట్ చేసి, జిప్ విప్పి ఫైలు వేసి, బయోస్ లోపలి ఫ్లాష్ మెనూ నుంచే ఎక్కించాలి. విండోస్ యాప్‌తో వద్దు. యూపీఎస్ లేకుండా అసలే వద్దు. మధ్యలో కరెంటు పోతే బోర్డు పోయినట్టే.

ఇంకో మెలిక. 5600 పెట్టాక ఎఫ్‌టీపీఎం (ప్రాసెసర్‌లో ఉండి ఎన్‌క్రిప్షన్ కీలు దాచే భాగం) మారిందంటూ వై నొక్కాలా, ఎన్ నొక్కాలా అని అడిగే నల్ల తెర వస్తుంది. డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉండగా వై నొక్కితే, 48 అంకెల రికవరీ కీ ఇచ్చేదాకా విండోస్ తెరుచుకోదు. విండోస్ 11 హోమ్‌లో కూడా డివైస్ ఎన్‌క్రిప్షన్ మనకి తెలియకుండానే ఆన్ అయి ఉండొచ్చు. పోనీ ఎన్ నొక్కితే కొత్త ప్రాసెసర్‌లో ఎఫ్‌టీపీఎం పనిచేయదు, విండోస్ 11లో వాలరెంట్ గేమ్ మొరాయిస్తుంది. అందుకే బయోస్ ముట్టుకోకముందే ఎన్‌క్రిప్షన్ ఆపేసి, కీ కాగితం మీద రాసుకుని, తర్వాత ధైర్యంగా వై నొక్కాను.

కూలర్ తీసేముందు కాసేపు గేమ్ ఆడి, ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య ఉన్న పేస్టును వేడెక్కించండి. సిస్టమ్ ఆపాక, కూలర్‌ను అటూ ఇటూ మెల్లగా తిప్పి తీయండి. చల్లగా ఉన్నప్పుడు లాగితే ప్రాసెసర్ కూడా సాకెట్‌లోంచి ఊడొస్తుంది, పిన్నులు వంగుతాయి. 5600లో గ్రాఫిక్స్ లేదు, హెచ్‌డీఎంఐ కేబుల్ కార్డుకే పెట్టాలి. మొదటిసారి ఆన్ చేసినప్పుడు ర్యామ్ ట్రైనింగ్‌కి (బోర్డు ర్యామ్‌ని సరిచూసుకోడానికి) కొన్ని నిమిషాలు తెర నల్లగానే ఉండొచ్చు, కంగారుపడి పవర్ తీయొద్దు. అప్‌డేట్ తర్వాత సెట్టింగులన్నీ మొదటికొస్తాయి కాబట్టి ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ని దాని పూర్తి వేగంతో నడిపే సెట్టింగ్) మళ్ళీ ఆన్ చేయండి, లేకపోతే 3200 ర్యామ్ 2400 దగ్గరో 2666 దగ్గరో ఆగిపోతుంది.

పాత ప్రాసెసర్‌ని వెంటనే అమ్మేయకండి. ఇక కొట్లో జీఎస్టీ బిల్లు మీద కార్డు సీరియల్ నంబరు రాయించుకునేదాకా డబ్బు ఇవ్వొద్దు.